ప్రారంభ బంతి

తిరుపతిలో ఎవరినైనా ఏమైనా అడగండి గానీ, ఆ బాస్కెట్‌బాల్ లీగుకు 'అఖిల భారత' అనే పేరు ఎలా వచ్చిందని మాత్రం అడగకండి. అడిగినవాణ్ణి దేశద్రోహిని చూసినట్టు చూస్తారు. తిరుపతి, చిత్తూరు, పుత్తూరు, గూడూరు, సత్యవేడు కుర్రాళ్ళు తమలో తాము ఆడుకున్నంత కాలం అది వట్టి లీగే. ఆ తర్వాత ఒకనాడు తిరుత్తణి నుంచి ఒక జట్టు 'మేమూ ఆడతాం' అంటూ బస్సు దిగింది. తిరుత్తణి తమిళనాడులో ఉంది. తమిళనాడు వేరే రాష్ట్రం. రెండు రాష్ట్రాలు ఒకచోట చేరాక దాన్ని భారతదేశం అనక మరేమంటారు? అని తేల్చేశాడు లీగు అధ్యక్షుడు దామోదరం. వారం తిరక్కముందే గ్రౌండు ముందు ఆర్చీ మీద అక్షరాలు మారిపోయాయి.

దామోదరానికి గూడూరులో నిమ్మకాయల మండీ ఉంది, తిరుపతి బస్టాండు వెనక లాడ్జి ఉంది, జిల్లా అంతటా పలుకుబడి ఉంది. బాస్కెట్‌బాల్ గురించి మాత్రం బంతి గుండ్రంగా ఉంటుందన్నంత వరకే తెలుసు. ఆట తెలిసిన మనిషి కార్యదర్శి జయచంద్ర. చిత్తూరు స్కూల్లో డ్రిల్లు మాస్టారు, వయసులో ఉండగా రాష్ట్ర జట్టుకు ఆడినవాడు, ఎవరికీ ఎదురు చెప్పలేని మెతక మనిషి. లీగును పుట్టించింది ఆయనే, పెంచింది దామోదరం. పెంచినవాళ్ళ ముద్దు ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు.

2003 ఫిబ్రవరి వచ్చేసరికి జయచంద్రకు ఈ లోకంలో కావలసింది ఒక్కటే. ఆ ఏటి స్టార్ మ్యాచ్‌లో లోకేష్ ఆడాలి. ఒక పావుగంట చాలు, ఆడితే చాలు. లోకేష్‌ది సత్యవేడు దగ్గర పల్లె. తండ్రి లేడు. తల్లి వసంతమ్మ రెండెకరాలు సేద్యం చేసుకుంటూ వాణ్ణి పెంచింది. స్కూలు పోటీల్లో వాణ్ణి చూసిన రోజే జయచంద్ర ఆ ఇంటికి నడిచి వెళ్ళి, "అమ్మా, వీణ్ణి నాకిడిసిపెట్టు. ఆటతోనే వీడికి ఉద్యోగం వస్తాది. నాదీ పూచీ" అని మాటిచ్చి వచ్చాడు. అప్పటి నుంచి ఏళ్ళు గడిచాయి. కుర్రవాడు ఆరడుగులు దాటి ఇంకో జానెడు పెరిగాడు, ఆట అంతకన్నా పెరిగింది, ఉద్యోగం మాత్రం రాలేదు. ఇప్పుడు మద్రాసులో ఒక బ్యాంకు తన జట్టుకు ఆటగాళ్ళను తీసుకుంటోంది. ఆ జట్టు కోచ్ కన్నియప్పన్ జయచంద్రకు పాత పరిచయం. తిరుమల దర్శనానికి వస్తూ, ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్ చూసి సాయంత్రం బండికి వెళ్ళిపోతానన్నాడు. పేర్లు సోమవారం ఇచ్చేయాలట. వచ్చే ఏటికి లోకేష్ వయసు దాటిపోతుంది. ఇంకో అవకాశం లేదు.

ఆడేవాణ్ణి ఆడించడానికి ఇంత బాధేమిటి, స్టార్ మ్యాచ్ అంటే ఆడేవాళ్ళ కోసమే కదా అంటారేమో. అయ్యో, మీకు ఆ మ్యాచ్ చరిత్ర తెలియదు.

అది పుట్టింది లాడ్జి టీవీలో. ఒక తెల్లవారుజామున దామోదరం సుప్రభాతం కోసం చానళ్ళు తిప్పుతుంటే అమెరికావాళ్ళ స్టార్ మ్యాచ్ కంటబడింది. వెంటనే చిత్తూరుకు ఫోను. "జయచంద్రా, వీళ్ళెవురో మంచి ఏర్పాటు చేసినారప్పా! ఈడ ఆడేవోళ్ళంతా స్టార్లేనంట. గెలిచినోడూ స్టారే, ఓడినోడూ స్టారే. ఎవురి మనసూ నొచ్చుకునే పని లేదు. ఇట్లాంటిది మనమూ పెట్టల్ల."

1996లో జరిగిన మొదటి మ్యాచ్ నిజంగా మ్యాచే. తిరుపతిలో ఒక స్కూలు గ్రౌండులో మట్టి కోర్టు, సున్నం గీతలు, ప్రహరీ గోడల మీద వరసగా జనం. అన్ని జట్లలోని మంచి ఆటగాళ్ళూ ఒకచోట చేరి, ఒకరి నుంచి ఒకరు బంతి లాక్కుంటుంటే చూసి జయచంద్ర కళ్ళు చెమర్చాయి. ఒక్క చిన్న చిక్కు మాత్రం వచ్చింది. ముఖ్య అతిథిగా వచ్చిన సినిమాహాలు యజమానిని, రెండు జట్ల మధ్యా నిలబడి బంతిని పైకి ఎగరేయమన్నారు. ఆయనకు చుర్రుమంది.

"పైకి యిసిరి పక్కకు తప్పుకునేదానికా నన్ను పిలిచింది? రిబ్బను లేదా, దీపం లేదా?"

జయచంద్ర కంగారులో, "అయ్యా, మొదటి బంతి మీ చేత్తోనే బుట్టలో పడల్ల. మీరేసినాకనే ఎవురైనా" అనేశాడు. ఆయన అదృష్టమో, జయచంద్ర దురదృష్టమో గానీ మొదటిసారికే పడింది. మేళగాళ్ళు పెళ్ళిలో తాళి కట్టేటప్పుడు వాయించినట్టు గట్టిమేళం వాయించారు. ఇంకేముంది, అదొక ఆచారమైపోయింది. ప్రారంభ బంతి అని పేరు పెట్టారు. ముఖ్య అతిథి చేతి మీదుగా బంతి బుట్టలో పడనిదే ఆటగాడనేవాడు బంతి ముట్టకూడదు.

మరుసటి ఏడు వచ్చిన అతిథి పెద్దవయసువాడు. ఎంతకీ పడలేదు. చివరికి స్కూలు బల్ల తెచ్చి, దాని మీద స్టూలు వేసి, ఆయన్ని ఎక్కించి, నలుగురు పట్టుకున్నారు. ఆయన బంతిని బుట్టలోకి జారవిడిచాడు. అప్పట్నుంచీ బల్లా స్టూలూ కూడా ఆచారంలో చేరాయి. వాటికీ పసుపూ కుంకుమా పెట్టారు.

మూడో ఏడు, స్టార్లను ప్రజలే ఎన్నుకోవాలని దామోదరానికి బుద్ధి పుట్టింది. అమెరికాలో అలాగే చేస్తారని ఎవరో చెప్పారు. ప్రజలంటే ఎవరు? లాడ్జికి వచ్చేవాళ్ళే ప్రజలు. కౌంటరు మీద పెట్టె పెట్టి, ఓటు వేసినవాళ్ళకు ముందుగా వేడినీళ్ళు అన్నారు. ఒరిస్సా నుంచి, మహారాష్ట్ర నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చి గుండ్లు గీయించుకుని, స్నానాల కోసం నిలబడ్డ భక్తులకు పుత్తూరు జట్టులో ఎవరు బాగా ఆడతారో ఎలా తెలుస్తుంది? కౌంటరు మీద ఇత్తడి పలక ఒకటి కనబడింది. దాని మీద 'మేనేజర్ మునెయ్య' అని ఉంది. అందరూ ఆ పేరే రాసి పెట్టెలో వేశారు. దేశం నలుమూలల నుంచీ ఓట్లు కుమ్మరించినట్టు పడ్డాయి.

"ప్రజాతీర్పు గదప్పా," అన్నాడు దామోదరం. "కాదనేదానికి మనమెవురు?"

మునెయ్య యాభై దాటినవాడు. సఫారీ సూటు మీదే జెర్సీ తొడుక్కుని, నడుముకు తాళంచెవుల గుత్తితో కోర్టులోకి దిగి, బుట్ట కింద కుర్చీ వేయించుకున్నాడు. బంతి తన వైపు వచ్చినప్పుడల్లా "రేయ్ రేయ్" అని అదిలించాడు. ఆ ఏటి నుంచి ఆయన శాశ్వత స్టారు.

నాలుగో ఏడు జట్ల పేర్ల దగ్గర గొడవైంది. అప్పటిదాకా తూర్పు, పడమర అనేవాళ్ళు. శాలువాల ఖర్చు పెట్టుకున్న సిమెంటు డీలరు, తన కొడుకును పడమర జట్టులో వేశారని తెలిసి మండిపడ్డాడు. "పొద్దుగూకే దిక్కులో మావోడు ఆడల్లనా?" అన్నాడు. దక్షిణం అంటే యముడి దిక్కు. ఉత్తరం అంటే తల పెట్టకూడదని ఎవరో అడ్డు పడ్డారు. వాస్తు తెలిసినాయన్ను పిలిపిస్తే ఆయన కోర్టంతా తిరిగి చూసి, తూర్పు జట్టు, ఈశాన్యం జట్టు అని పెట్టమన్నాడు. సగం ఆట అయ్యాక జట్లు పక్కలు మారాలి కదా? ఈశాన్యం దక్కినవాళ్ళు ఈశాన్యం వదిలి రామన్నారు. అంతటితో పక్కలు మారడం రద్దు. తిరుత్తణి కుర్రాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. జయచంద్ర మాత్రం ఈల నోట్లో పెట్టుకుని, ఊదకుండా ఊరుకున్నాడు.

ఆ తర్వాత ఏడు ఒక స్టారు ఓడిపోయి ఏడ్చాడు. ఏడ్చినవాడు పెద్దవాళ్ళ పిల్లవాడు. "ఓడిపోయినోడు స్టారెట్లయితాడప్పా?" అని దామోదరం న్యాయమైన ప్రశ్న వేశాడు. అప్పటి నుంచి ప్రతి మ్యాచూ సమానంగా ముగిసింది. తర్వాత తర్వాత ఆ సంగతి ఆహ్వానపత్రికలోనే అచ్చువేయించేవాళ్ళు: మూడు గంటలకు ప్రార్థన, మూడుంపావుకు ప్రారంభ బంతి, ఐదింటికి మ్యాచ్ సమానం, ఆపైన విందు.

ఇలా ప్రతి ఏడూ ఒక్కో మెట్టు దిగుతూ వచ్చారు. జయచంద్ర ప్రతి ఏడూ, పోనీలే, వచ్చే ఏడు సరి చేద్దామనుకున్నాడు. కోర్టుకు సిమెంటు వేయించింది ఎవరు? దామోదరం. కుర్రాళ్ళకు బూట్లు కొన్నది ఎవరు? దామోదరం. ఆ మాట ఎత్తకుండానే దామోదరం అన్నీ సాధించుకునేవాడు. ఉన్నమాట చెప్పాలంటే, 'వ్యవస్థాపక కార్యదర్శి' అని ఆర్చీ మీద తన పేరు చూసుకుంటే జయచంద్రకూ లోపల తియ్యగానే ఉండేది. ఏటా ఆయన మెడలోనూ ఒక శాలువా పడేది. భార్య రాజశ్రీ వాటిని మడతపెట్టలేక, "ఇంకో రెండు మ్యాచ్‌లు కానీండి, పరుపు కుట్టిస్తా" అనేది.

మూడేళ్ళుగా లోకేష్ మెరిసే జెర్సీ వేసుకుని బెంచీ మీద కూర్చుంటున్నాడు. లీగంతా వాడే ఆడతాడు, స్టార్ మ్యాచ్ వచ్చేసరికి వాడికి చోటుండదు. వాడు ఒక్క మాట అడిగేవాడు కాదు. అడిగి ఉంటే జయచంద్రకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఈసారి మాత్రం ఆయన కాళ్ళావేళ్ళా పడ్డాడు. సిమెంటు డీలరు ఇంటికి పోయి, వాళ్ళబ్బాయి రెండో సగంలో దిగేటట్టు ఒప్పించాడు. మునెయ్య కుర్చీ మొదటి పావుగంట గీత బయట వేసేటట్టు బతిమాలుకున్నాడు. ప్రసంగాలు కత్తిరించాడు, సన్మానాలు చివరికి తోశాడు. వసంతమ్మను కూడా పిలిపించాడు. కొడుకు ఆడుతుండగా ఆమె ఎన్నడూ చూడలేదు. ఆదివారం మధ్యాహ్నం అన్నీ అనుకున్నట్టే జరిగాయి. కన్నియప్పన్ గుండు మీద టోపీ పెట్టుకుని, ప్రసాదం సంచితో సహా ముందువరసలో కూర్చున్నాడు. లోకేష్ పేరు మొదటి ఐదుగురిలో చదివారు. జయచంద్ర గుండె నిండిపోయింది. ఇక మిగిలింది ప్రారంభ బంతి ఒక్కటే.

ముఖ్య అతిథి పరంధామయ్య. రాష్ట్ర కొబ్బరిపీచు అభివృద్ధి సంస్థ అధ్యక్షుడు. కొబ్బరిపీచు ఏమాత్రం అభివృద్ధి చెందిందో తెలియదు గానీ, ఆయన మాత్రం నడుము దగ్గర దండిగా చెందాడు. తెల్లపంచె సర్దుకుని, రెండు చేతులతో బంతి పట్టుకుని, బావి దగ్గర బిందె నీళ్ళు కుమ్మరించినట్టు కింద నుంచి పైకి విసిరాడు. బంతి బుట్ట దరిదాపులకు కూడా పోలేదు. జనం చప్పట్లు కొట్టారు.

"అయ్యగారు గాలివాటం పరీక్షిస్తున్నారు!" అన్నాడు మైకు ముందున్న తెలుగు మాస్టారు.

మళ్ళీ విసిరాడు. మళ్ళీ చప్పట్లు. "అయ్యగారు బంతికి దారి చూపిస్తున్నారు!" మళ్ళీ. "అయ్యగారి వినయం చూడండి, బుట్ట కన్నా కిందనే ఉంచుతున్నారు!" మేళగాళ్ళు బుగ్గలు పూరించుకుని సిద్ధంగా కూర్చుని, బంతి పక్కకు పోయినప్పుడల్లా గాలి వదిలేస్తున్నారు. కన్నియప్పన్ ఒకసారి గడియారం చూసుకున్నాడు. అది జయచంద్ర కంటబడింది.

ఆయన దామోదరం చెవిలో, "అన్నా, ఆయన యేస్తాండగా పిల్లోళ్ళను ఆ పక్క బుట్టలో ఆడుకోమందామా? కోచ్ చూస్తాడు" అన్నాడు.

"నీకేమన్నా మతి పోయినాదా?" దామోదరం కళ్ళెర్రజేశాడు. "ఆయన యేయలేకుంటే పక్కన ఇంకొకడు టపటపా యేస్తా ఉంటే ఆయన మొగం యాడ పెట్టుకోవాల? బల్ల తెప్పియ్యి."

బల్ల తెచ్చారు, బొట్లు పెట్టిన స్టూలు తెచ్చారు. పరంధామయ్య వాటిని చూసి భగ్గుమన్నాడు. కిందటేడు అతిథి స్టూలు మీద నిలబడ్డ ఫోటోను ఒక పేపరువాళ్ళు ఎగతాళిగా అచ్చువేశారట. "నేను స్టూలెక్కల్లనా? ప్రజలు ఎత్తుకుంటే పైకొచ్చినోణ్ణి నేను, స్టూలెక్కి కాదు!" అని మళ్ళీ బంతి అందుకున్నాడు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయింది. పట్టుదల మాత్రం ఇసుమంత తగ్గలేదు. విసురుతున్నాడు, చప్పట్లు కొడుతున్నారు, పొద్దు వాలుతోంది.

జయచంద్రకు తల ప్రాణం తోకకొచ్చింది. ఏదో ఒకటి చేసి ఆట మొదలుపెట్టించాలి. అప్పుడు తట్టింది. స్టూలెక్కడం అవమానమైతే కావచ్చు, భుజాలెక్కడం గౌరవమే కదా! గెలిచిన నాయకుణ్ణి భుజాల మీద ఎత్తుకుని ఊరేగించరా? పరుగున పోయి పరంధామయ్యకు చేతులు జోడించి, "అయ్యా, మా స్టారు మిమ్మల్ని బుజాలకు ఎత్తుకోవాలని నిండా ఆశపడతాండాడు" అన్నాడు. పరంధామయ్య ముఖం విప్పారింది. "పిల్లోడు ముచ్చట పడితే కాదంటానా" అన్నాడు.

ఎత్తడానికి అంత పొడుగు మనిషి ఒక్కడే ఉన్నాడు. జయచంద్ర లోకేష్ దగ్గరకు పోయి గొంతు తగ్గించి చెప్పాడు.

"సార్," అన్నాడు లోకేష్, "ఆయన్ని ఎత్తి దించినాక చేతులు వణకతాయి. షాట్లు ఎట్లేసేది?"

"ఒక్క నిమిషంరా నాయనా. ఆయన యేసేస్తే ఆట మొదలయితాది. అదో, కోచ్ నిన్నే సూస్తాండాడు."

లోకేష్ బుట్ట కింద మోకాళ్ళ మీద కూర్చుని మెడ వంచాడు. నలుగురు కలిసి పరంధామయ్యను ఎక్కించారు. కుర్రవాడు పళ్ళు బిగించి, మెల్లగా, నరాలు తేలేలా లేచి నిలబడ్డాడు. పరంధామయ్య చేతికి బుట్ట అందింది. బంతి వేశాడు. గట్టిమేళం అదిరిపోయింది. జయచంద్ర హమ్మయ్య అనుకుని ఈల నోట్లో పెట్టుకున్నాడు.

అయితే పరంధామయ్య దిగలేదు. అంత ఎత్తు నుంచి జనాన్ని చూడటం ఆయనకు ఎంత నచ్చిందో! మైకు అందివ్వమన్నాడు. లోకేష్ మెడకు అటూ ఇటూ కాళ్ళు వేలాడదీసుకుని, ఈ దేశం యువకుల భుజాల మీదనే నిలబడి ఉందనీ, ఆ భుజాలను తాము ఎన్నడూ విడిచిపెట్టమనీ ఉపన్యసించాడు. తర్వాత కోర్టు చుట్టూ ఒకసారి తిప్పమన్నాడు. తిప్పాడు. ఫోటోగ్రాఫరు సరిగా పడలేదంటే ఇంకోసారి తిప్పాడు.

ఆయన్ను దించగానే జయచంద్ర ఈల ఊదాడు. ఆ ఈల ఎవరికీ వినబడలేదు. దామోదరం అప్పటికే పంచె ఎగ్గట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎనిమిదేండ్లుగా లీగు నడుపుతాండాను, ఒక్క బంతి బుట్టలో యేసినోణ్ణి కాదప్పా," అన్నాడు. నిజంగానే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాదీ ఒకటి కానీ."

అధ్యక్షుణ్ణి కాదనేవాడెవడు? ఆయన లోకేష్ భుజాలెక్కి వేశాక సిమెంటు డీలరు ఊరుకుంటాడా? తర్వాత వాస్తు ఆయన. ఆయన ఈశాన్యం వైపు తిరిగి ఎక్కాడు. తర్వాత మునెయ్య తాళంచెవుల గుత్తితో సహా ఎక్కాడు. ఒకరు దిగుతుంటే ఇంకొకరు పంచె సర్దుకుంటున్నారు, మేళం ఆగకుండా మోగుతోంది, మైకులో మాస్టారు ఒక్కొక్కరి బిరుదులూ చదువుతున్నాడు. జయచంద్ర ఒక్కొక్కరి దగ్గరకూ పోయి "ఇంక సాలన్నా, ఆట ఆడాల" అంటూనే ఉన్నాడు. "ఇదొక్కటి కానీ" అని ప్రతివాడూ అంటూనే ఉన్నాడు.

గోడ వారగా ఆడవాళ్ళలో కూర్చున్న వసంతమ్మ ఎప్పుడు లేచిందో, ఆయన పక్కకు వచ్చి నిలబడింది.

"ఇదేనా సారూ, ఆట?"

"ఇది కాదమ్మా, ఇంకా మొదలు కాలేదు."

"మూటలు మోస్తే బుజం పాడయితాదని నువ్వు జెప్పినావని, వడ్ల మూటకు గూడా నేను కూలోణ్ణి పెట్టుకుంటి," అంది ఆమె. కోపం లేదు, నిజంగా అర్థం కాక అడుగుతోంది. "ఇట్లా మోసేదయితే మా వరి కయ్యకాడనే మోసుండునే. ఇంత దూరం ఎందుకు సారూ?"

అంతలో వెనక నుంచి కన్నియప్పన్ ఆయన భుజం తట్టాడు. సంచి చంకలో ఉంది.

"బండికి టైమాయె, జయచంద్ర."

"ఇంకో పది నిమిషాలు సార్! ఇదో అయిపోతాండాది. వాడి ఆట ఒక్కసారి చూడండి. మీకు దండం పెడతా."

కన్నియప్పన్ చెడ్డవాడు కాదు. లోకేష్ వైపు చాలాసేపు చూశాడు. ఆ సమయంలో కుర్రవాడి మీద నిమ్మకాయల మండీ గుమాస్తా ఉన్నాడు. "నిండా బలం ఉండాది," అన్నాడు కన్నియప్పన్. "నేను వెతికేది ఆటగాణ్ణి. చూడకుండా పేరు ఎట్ల రాసేది, నువ్వే చెప్పు." జయచంద్ర చెయ్యి ఒకసారి నొక్కి, గేటు దగ్గర ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. జయచంద్ర ఆటో వెనక నాలుగడుగులు పరుగెత్తాడు. ఎందుకు పరుగెత్తాడో ఆయనకే తెలియదు.

తిరిగి వచ్చేసరికి మైకులో మ్యాచ్ సమానమైందని ప్రకటించేశారు. వంటవాళ్ళు ఆకులు పరుస్తున్నారు. ఈ ఏటి ఉత్తమ స్టారు లోకేష్ అని, ఇకమీదట ప్రతి ఏడూ ప్రారంభ బంతికి అతనే అని దామోదరం చెబుతుంటే చప్పట్లు మిన్నంటాయి. ఏ ముఖం పెట్టుకుని పోవాలో తెలియకపోయినా, జయచంద్ర జనాన్ని తోసుకుంటూ లోకేష్ దగ్గరకు పోయాడు. వాణ్ణి చెయ్యి పట్టి లేపాలి, ఇంటికి తీసుకుపోవాలి. అంతే అనుకున్నాడు.

లోకేష్ బుట్ట కింద మోకాళ్ళ మీదే ఉన్నాడు. జెర్సీ తడిసి ముద్దయింది. రెండు భుజాలూ కందిపోయి ఉన్నాయి. గేటు వైపు చూశాడు, ముందువరసలో ఖాళీ కుర్చీని చూశాడు, ఆ తర్వాత జయచంద్రను చూశాడు. వాడి ముఖంలో ఎత్తిపొడుపు కోసం జయచంద్ర వెతికాడు. ఉంటే బాగుండేది. లేదు.

"మీరొక్కరే మిగిలినారు సార్," అన్నాడు లోకేష్. "రాండి, ఎక్కండి."

"ఒద్దురా. లెయ్. లేసి రా" అంటూనే ఉన్నాడు జయచంద్ర. మేళం హోరులో ఆ మాట ఎవరికి వినబడుతుంది? "మన వ్యవస్థాపక కార్యదర్శి గారు!" అని మైకు అరిచింది. వెనక నుంచి దామోదరం నడుము పట్టుకున్నాడు. "ఎక్కప్పా, మొగమాటమేంది! పిల్లోడు వంగుకోనుండాడు, ఎంతసేపని ఉంచుతావు పాపం?" చెరో పక్కా నలుగురు చేతులు వేశారు. ఆయన ఇటు తిరిగేలోగా ఎక్కించేశారు. కింద కుర్రవాడి మెడ వణుకుతోంది. ఆ వణుకు జయచంద్ర తొడలకు తెలుస్తోంది. లోకేష్ ఒక్కొక్క మోకాలే ఎత్తి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

ఎవరో బంతి అందించారు. బుట్ట చెయ్యి చాస్తే అందేంత ఎత్తులో ఉంది. బంతి పడనిదే ఎవరినీ దించకూడదు, ఆ పూటకే అదీ ఆచారమైపోయింది. చేతులు కట్టుకుని కూర్చుంటే కింద వాడు మోస్తూనే నిలబడాలి. జనమంతా తలలెత్తి చూస్తున్నారు. గోడ వారగా వసంతమ్మ కూడా చూస్తోంది.

"తొందరగా యేసేయండి సార్," అన్నాడు కింద నుంచి లోకేష్. "కాళ్ళు ఆగడం లేదు."

జయచంద్ర వేశాడు. గట్టిమేళం మోగింది, అందరూ చప్పట్లు కొట్టారు.